పద్నాలుగు వాల్వుల జంగయ్య

ఎర్రబండలో ఫలానా వాళ్ల ఇల్లెక్కడ అని అడిగితే జంగయ్య తలెత్తి చూపించడు. నేల వైపు చూసి చెబుతాడు. "గా ఐదో వాల్వు దాటినంక ఎడమ దిక్కు," అంటాడు. అడిగినవాడు కొత్తవాడైతే తెల్లమొహం వేస్తాడు. ఊరివాళ్లకైతే అర్థమవుతుంది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి, కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మధ్య ఒదిగిపోయిన ఆ చిన్న ఊరికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా నీళ్లు వదిలేది అతనే.

ఊరి మధ్యన పెద్ద ట్యాంకు ఉంది. దాని కాళ్ల దగ్గర నుంచి భూమిలోపల పైపులు పోతాయి. ఒక్కో వాడ మొదట్లో ఒక గుంత, గుంతలో ఒక వాల్వు. మొత్తం పద్నాలుగు. పొద్దున ఐదున్నరకు ఇనుప కడ్డీ భుజాన వేసుకుని బయల్దేరితే పదింటి దాకా అదే పని. ఒక వాల్వు తిప్పడం, ఆ వాడ బిందెలు నిండేదాకా ఆగడం, మూసేసి ఇంకోదాని దగ్గరికి పోవడం. చూసేవాళ్లకు ఇంతే. కానీ జంగయ్య పైపు మీద అరచెయ్యి ఆనించి లోపల గాలి ఉందో నీళ్లు ఉన్నాయో చెప్పగలడు. ఏ ఇంట్లో మోటారు పెట్టి నీళ్లు గుంజుతున్నారో గుంతలో చప్పుడు విని పట్టేస్తాడు. అక్షరం ముక్క రాదు, అయినా ఊరి కింద ఉన్న ఊరంతా అతనికి కంఠతా వచ్చు.

రెండేళ్లుగా ఎడమ మోకాలు మాట వినడం లేదు. గుంత దగ్గర వంగితే లేవడానికి కడ్డీ ఆసరా కావాలి. మేడ్చల్‌లో డాక్టరు చూసి మోకాలు మార్చాల్సిందే అన్నాడు. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు పనిలోకి పోవద్దన్నాడు. జంగయ్య ఆ కాగితం తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. అంతే, మళ్లీ తీయలేదు.

"నువ్వు లేకుంటె ఊరు ఎండిపోతదా ఏంది?" అనేది భార్య బాలనర్సమ్మ, మోకాలికి ఆముదం రాస్తూ. "కాలు కొయ్యబారినంక ఏం జేస్తవ్? కుంటుకుంట తిరుగుతవా?"

"తిరుగుత. కుంటుకుంటనే తిరుగుత."

"గా సఫాయి భిక్షానికి నేర్పియ్యరాదు?"

"పదిసార్లు నేర్పిన. నోటితోని జెప్తె వచ్చే పనా గిది? చేతికి రావాలె."

అతని భయానికి కారణం ఉంది. నాలుగేళ్ల కింద చెల్లెలు పోతే సిద్దిపేట దిక్కు పోయి మూడు రోజులు ఉండాల్సి వచ్చింది. ఊళ్ళో సఫాయి పని చేసే భిక్షం ఆ మూడు రోజులూ వాల్వులు తిప్పాడు. ఊరికి ఎత్తున ఉన్న పై వాడకు మూడు రోజులూ చుక్క రాలేదు. మూడో నాడు కింది వాడలో పైపు అతుకు ఊడి రోడ్డంతా మడుగైంది. చెల్లెల్ని సాగనంపి వచ్చిన మనిషి బస్సు దిగీ దిగగానే ఖాళీ బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల చేత తిట్లు తిన్నాడు. భిక్షమైతే నెల రోజులు పై వాడ ముఖం చూడలేదు. ఆ తర్వాత జంగయ్య ఒక్క పూట కూడా సెలవు పెట్టలేదు.

పన్నెండో వాల్వు గుంత బడి గేటు ఎదురుగా ఉంది. అక్కడ ఆగే పద్దెనిమిది నిమిషాలు జంగయ్య మురికికాలువ మీద కప్పిన మోరీ బండ మీద కూర్చుని తెరిచి ఉన్న తలుపులోంచి క్లాసు చూసేవాడు. నాలుగు, ఐదు తరగతులు కలిపి పద్దెనిమిది మంది పిల్లలు. వాళ్లకు చెప్పేది పద్మలత. అల్వాల్ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. నలభై దాటిన మనిషి, సన్నటి గొంతు. కొట్టడం సంగతి అటుంచి, గొంతు పెంచడం కూడా జంగయ్య ఎన్నడూ చూడలేదు.

ఆ ఏడు జూన్‌లో పద్మలత మేడ్చల్‌లో ఒక శిక్షణకు పోయి వచ్చింది. పిల్లలకు కంప్యూటర్ ఎట్లా ఆలోచిస్తుందో ఆ ఆలోచన నేర్పాలని అక్కడ చెప్పారు. బళ్ళో ఉన్నవి రెండు కంప్యూటర్లు. ఒకటి తెరుచుకోదు, రెండోది తెరుచుకున్నాక మూసుకోదు. పద్మలత వాటి మీద గుడ్డ కప్పేసి చింతగింజలు తెచ్చింది. ఇద్దరు పిల్లల్ని వీపులు ఆనించి కూర్చోబెడుతుంది. ఒకరు నేల మీది గళ్లలో గింజలు పేర్చుకుని, ఎట్లా పేర్చారో నోటితో చెప్పాలి. రెండోవాళ్లు చూడకుండా, విని, అట్లాగే పేర్చాలి.

"పక్కన వెట్టురా."

"ఏ పక్కనే? నాకు రెండు పక్కలున్నయి గద!"

"గటు దిక్కు!"

"నా వీపు నీ దిక్కున్నది. నీ గటు నాకు గిటు అయితది, తిక్కదానా."

జంగయ్య మోరీ మీద కూర్చునే నవ్వేవాడు. ఒకనాడు గేటు దగ్గరికి పోయి అడిగేశాడు. "గిదేం చదువు మేడం? చింతగింజలు ఆడుకునుడు నేర్పుతాన్రా?"

"మాట బయటికి వచ్చే ముందు లోపల ఒకసారి తిరగాలి పెద్దయ్యా," అంది పద్మలత. "వీళ్లకు తిరగకుండానే బయట పడుతుంది. ఎవరు ముందు అరిస్తే వాళ్లదే గెలుపు అనుకుంటారు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకోవాలి, ఏది ముందో ఏది వెనకో చూసుకోవాలి. తప్పు వస్తే ఎవరి మీదో తొయ్యకుండా, ఏ మెట్టు దగ్గర వచ్చిందో వెనక్కి నడిచి వెతకాలి. ఇంతే నేను నేర్పేది."

ఆ నెలలోనే యూనివర్సిటీలో చదువుకునే ఒక అమ్మాయి వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్ష పెట్టింది. రాసే పరీక్ష కాదు. మూడు కర్రలు, ఒక కర్రకు నాలుగు చక్రాలు. చిన్న చక్రం మీద పెద్దది పెట్టకుండా అన్నింటినీ ఒక్కొక్కటిగా చివరి కర్రకు చేర్చాలి. ఆ అమ్మాయి చెప్పడం ముగిసే లోపలే పిల్లలు చక్రాలు లాగేశారు. అంకెలు చెప్పి తిరగేసి చెప్పమంటే రెండో అంకె దగ్గరే తికమక పడ్డారు. ఆమె ఏవో రాసుకుని, డిసెంబరులో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లింది.

ఆగస్టులో ఒకరోజు పద్మలత క్లాసును అడిగింది. "మన ఊళ్ళో వరుస తప్పితే చెడిపోయే పని ఏముంది?"

"వంట," అన్నారు కొందరు. "పెండ్లి," అన్నాడు ఒకడు. వెనక కూర్చున్న అనూహ్య "నీళ్లు" అంది. క్లాసంతా నవ్వింది. అనూహ్య ఇల్లు పై వాడలో చిట్టచివరిది. తల్లి పొద్దున్నే తుర్కపల్లి దిక్కు కంపెనీ పనికి పోతుంది. పదింటికి నీళ్లు వస్తే పట్టి, బిందెలు లోపల పెట్టి, తాళం వేసి అప్పుడు బడికి వచ్చేది ఆ పిల్ల. ఆ రోజు నల్లా రానందువల్లనే తొందరగా వచ్చింది. రోజూ నీళ్ల పేరు చెప్పి ఆలస్యంగా వచ్చే పిల్ల మళ్లీ నీళ్లే అంది, అందుకే ఆ నవ్వు.

పద్మలత నవ్వలేదు. మర్నాడు పన్నెండో వాల్వు దగ్గరికి పద్దెనిమిది మందినీ తీసుకొచ్చింది. జంగయ్య వంగలేక వంగడం, లేవలేక లేవడం ఆమె కళ్ల బడింది. అడిగింది. ముందు ఏం లేదన్నాడు, తర్వాత అంతా చెప్పాడు.

"మీ పని మొత్తం పిల్లలు రాస్తారు పెద్దయ్యా. రాసింది చూసి ఎవరైనా చెయ్యగలిగితే మీరు ఆపరేషన్‌కు పోవచ్చు."

"పోరగాండ్లు రాస్తె అయితదా మేడం? ముప్పై ఏండ్ల పని."

"కాకపోతే కాదు. వాళ్లకు చదువన్నా అవుతుంది కదా."

జంగయ్య చెప్పాడు. ముందు పటేలోళ్ల వాడ, నలభై నిమిషాలు. తర్వాత రెండో వాల్వు, మూడోది, ఇట్లా. ఆఖరుకు పై వాడ. మిగతావాటికి పద్దెనిమిదేసి నిమిషాలు. అంతా చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పిల్లలు చార్టు మీద రంగు పెన్నులతో రాసి, పక్కన బొమ్మలు వేశారు.

రెండో శనివారం బడికి సెలవు. ఆ పొద్దున భిక్షం చేతికి కడ్డీ, చార్టు ఇచ్చారు. జంగయ్య వెంట రావచ్చు గానీ నోరు విప్పవద్దని పద్మలత షరతు పెట్టింది. ఆ నాలుగున్నర గంటలు అతను పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. భిక్షం ఒక్కో వాల్వు దగ్గర ఆగి పిల్లల చేత చార్టు చదివించుకుని, రాసింది రాసినట్టు చేశాడు. పదింటికి పై వాడ నల్లాల్లో నూలుపోగంత ధార వచ్చి ఆగిపోయింది.

భిక్షం కడ్డీ కింద పెట్టేశాడు. "నేను ముందే జెప్పిన. నా చేతుల నీళ్లు లెవ్వు. ఇగ తిట్టుండ్రి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అనూహ్య చార్టును కింద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని మొదటి నుంచి వేలు పెట్టి చూసింది. "భిక్షం మామ అన్నీ సక్కగనే జేసిండు. మేం రాసినదాంట్లనే ఏదో తక్కువున్నది," అంది.

భిక్షం తువ్వాలుతో ముఖం తుడుచుకుని చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. నాలుగేళ్లలో ఆ మాట అతనితో అన్నవాళ్లు లేరు.

ఇక పిల్లలు పని పంచుకున్నారు. రోజూ ఒక గంట ముందు లేచి, పద్మలత అనుమతితో పదింటి దాకా జంగయ్య వెంట పడ్డారు. ఒకడి పని గడియారం చూడటం. ఒకడు ట్యాంకు పక్కన గొట్టంలో నీటి మట్టం చూసి రాయాలి. ఒకతి జంగయ్య ఏ దారిన నడుస్తున్నాడో గీసుకోవాలి. అనూహ్య చేతులు మాత్రమే చూడాలి, ఇంకేమీ చూడకూడదు. "మీరు నా వెనక సీఐడీలోల్ల లెక్క తిరుగుతున్నరు," అని జంగయ్య విసుక్కునేవాడు, వాళ్లు రావడం కాస్త ఆలస్యమైతే మళ్లీ ఆ దిక్కే చూసేవాడు.

అయిదో నాడు అనూహ్య అంది, "తాతా, పై వాడకు పోయేటప్పుడు ఆరో వాల్వు ఎందుకు తిప్పుతున్నవ్?"

"ఆరోదా? నేను ముట్టనే ముట్ట. గప్పటికి దాని పని అయిపోతది."

"ముట్టుతున్నవ్. దినాం ముట్టుతున్నవ్. మాట్లాడుకుంటనే కడ్డీ వెట్టి జర తిప్పి పోతున్నవ్."

"ఓ పోరీ, నాకు తెల్వదా నా పని?"

మర్నాడు ఆరో వాల్వు దగ్గరికి వచ్చేసరికి జంగయ్య తన చేతిని తానే చూసుకున్నాడు. కడ్డీ దానంతటదే గుంతలోకి దిగుతోంది. అతను అక్కడే ఆగిపోయాడు. అప్పుడు యాదికి వచ్చింది. పదకొండేళ్ల కింద కింది వాడకు కొత్త పెద్ద పైపు వేశారు. అప్పటి నుంచి పై వాడకు నీళ్లు ఎక్కడం మానేశాయి. కింది వాడకు పోయే ఈ ఆరో వాల్వు మూసినా, లోపల అరిగి నీళ్లు జార్చేస్తోందని కనిపెట్టి, దాన్ని ఇంకాస్త బిగించి పై వాడకు పోవడం అలవాటు చేసుకున్నాడు. చెయ్యి గుర్తుపెట్టుకుంది, తను మరిచిపోయాడు. భిక్షానికి ఎన్నిసార్లు నేర్పినా ఈ మాట చెప్పలేదు. చెప్పడానికి అది తనకే తెలియదు.

ఆ రోజు ఇంటికి పోయి బాలనర్సమ్మతో అన్నాడు, "నాలుగేండ్ల సంది భిక్షాన్ని ఉత్తగనే తిట్టిన." తిట్లు మానడమే కాదు, సాయంత్రం అతన్ని పిలిచి చాయ్ తాగించాడు.

చార్టులో "ఆరో వాల్వు జర బిగించాలి" అని రాశారు. పద్మలత అడిగింది, "జర అంటే ఎంత?" జంగయ్య చేత మూడుసార్లు తిప్పించి లెక్కపెట్టారు. ఒకటిన్నర చుట్టు. "జర" కొట్టేసి అది రాశారు. అంతటితో ఆగి ఉంటే కథ అక్కడికి బాగానే ఉండేది. కానీ పద్మలత చార్టుకు ఇంకో గడి గీసింది. ప్రతి మెట్టు పక్కన, అది ఎందుకు చేస్తున్నామో రాయాలి.

మొదటి మెట్టు దగ్గరే పిల్లలు ఆగిపోయారు. "తాతా, పటేలోళ్ల వాడ ముందుగాల ఎందుకు?"

"మొదటి సంది గంతే."

"ఎందుకు గంతే?"

జంగయ్య తల గోక్కున్నాడు. తను పనిలో చేరినప్పుడు ఊళ్ళో బోరు లేదు. పటేలు తన బావి మోటారు ఇచ్చి ట్యాంకు నింపించేవాడు. అందుకని మొదటి నీళ్లు ఆ వాడకు, అదీ నలభై నిమిషాలు. పటేలు పోయి పద్నాలుగేళ్లు అవుతోంది. బావి పూడ్చి ప్లాట్లు చేశారు. ఇప్పుడు ట్యాంకును రాత్రిపూట వేరే దిక్కు నుంచి మోటారు నింపుతుంది. అయినా కడ్డీ ముందు అటే పోతుంది.

పిల్లలు రెండు రోజుల తర్వాత ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున బెజ్జం పెట్టి తెచ్చారు. నిండుగా ఉన్నప్పుడు ధార దూరంగా పడింది. సగానికి వచ్చేసరికి సీసా పక్కనే పడింది. అనూహ్య దాన్ని చూపిస్తూ, తొందరపడకుండా, ఒక్కో మాట పేర్చినట్టు చెప్పింది. "ట్యాంకు నిండుగున్నప్పుడు జోరు ఎక్కువుంటది. గా జోరు కింద ఉన్న పటేలోళ్ల వాడకు ఇస్తున్నం. వాళ్లకు జోరు లేకున్నా వస్తయి. ఎత్తు మీద ఉన్న మాకేమో ట్యాంకు అడుగంటినంక ఇస్తున్నం. అందుకే ఆరోది బిగించవలసి వస్తాంది. పై వాడ ముందుగాల వెడితే ఆరోదాన్ని ముట్టే పనే లేదు తాతా."

జంగయ్యకు ఇందులో తెలియని ముక్క ఒక్కటీ లేదు. నీటి జోరు తెలుసు, ఎత్తు తెలుసు, అరిగిన వాల్వు తెలుసు. వాటిని పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్లలో జరగలేదు. తొమ్మిదేళ్ల పిల్ల పెట్టి చూపించింది.

"సరేగానీ, సత్యమ్మ ఒప్పుకోవాలె గద," అన్నాడు. సత్యమ్మ పటేలు భార్య. డెబ్బై దాటినా ఆమె ముందు గొంతెత్తినవాళ్లు ఊళ్ళో లేరు. "నేనే పోయి అడుగుత. మీరు రావొద్దు."

అతను పోయేసరికి సత్యమ్మ వరండాలో అనపకాయలు ఒలుస్తోంది. "ఏంది జంగయ్యా, కాలు గట్ల ఈడ్సుకుంట వచ్చినవ్? కూసో."

"కూసుంటె లేవలేనమ్మా. నిలవడే జెప్త." గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు ముందుగాల మీ వాడకే ఇడుస్తున్న గద. గది జర ఎనుకకు జరుపుదామని..."

"ఎవరు జరుపుమన్నరు? సర్పంచా?"

"కాదమ్మా. పిల్లలు."

"ఏ పిల్లలు?"

రావద్దన్న పిల్లలు గోడ అవతల నిలబడే ఉన్నారు. ఏడెనిమిది తలలు చప్పున కిందికి వంగాయి. ఒకటి వంగలేదు. సత్యమ్మ దాన్ని వేలితో పిలిచింది. "ఓ పోరీ, లోపటికి రా. ఎందుకు జరపాలె? నువ్వు జెప్పు."

అనూహ్య వెంటనే బదులు చెప్పలేదు. జూన్‌లో అయితే ఈ పిల్ల ఏదో ఒకటి అనేసి ఉండేది, లేకపోతే పారిపోయేది. ఇప్పుడు నిలబడి, కళ్లు కిందికి దించి, లోపల ఏదో వరుస పెట్టుకుంటోంది. తర్వాత చెప్పింది, సీసా సంగతి, ఎత్తు సంగతి, ఆరో వాల్వు సంగతి. ఎవరినీ తప్పు పట్టలేదు. చెప్పి ఊరుకుంది.

సత్యమ్మ చేతిలో కాయ ఒలవకుండానే ఉండిపోయింది. "ఐదున్నరకు ఈ ఇంట్ల ఎవరు లేస్తరు బిడ్డా? మాకు బోరు ఏశి పన్నెండేండ్లాయె. మీ నీళ్లు సంపు నిండి మోరీల పడిపోతున్నయి. ఈ జంగయ్యకు నీళ్లంటె లెక్కనే లేదు అనుకుంటున్న నేను."

జంగయ్య "మరి ఎన్నడు జెప్పకపోతిరి అమ్మా?" అన్నాడు.

"నువ్వెన్నడు అడిగినవ్?" అంది సత్యమ్మ. తర్వాత గొంతు కొంచెం తగ్గింది. "మొదటి నీళ్లు మా గడపకు రావాలని ఆయనకు ఉండె. అది ఆయన ముచ్చట, ఆయనతోనే పోయింది. జరుపుకోండ్రి. గని మా వాడల నాలుగిండ్లోల్లకు బోర్లు లెవ్వు. వాళ్లను ఎండవెట్టకుండ్రి."

అనూహ్య అరచేతి మీద పెన్నుతో రాసుకుంది, నాలుగు ఇండ్లు.

మర్నాటి నుంచి కడ్డీ ముందు పై వాడకు పోయింది, అక్కడ ఇరవై ఐదు నిమిషాలు, పటేలోళ్ల వాడకు అందరిలాగే పద్దెనిమిది. వారం రోజులు పైవాడ వాళ్లు నమ్మలేదు. తెల్లారకముందే నల్లా చప్పుడు చేస్తే పైపు పగిలిందేమోనని బయటికి ఉరికారు. అనూహ్య తల్లి పనికి పోయేలోపే నీళ్లు నిండుతున్నాయి. ఆ పిల్ల ప్రార్థన వేళకు బళ్ళో ఉంటోంది. భిక్షం వారానికి రెండు రోజులు చార్టు చదివించుకుని తిప్పాడు, తర్వాత అది లేకుండానే తిప్పాడు.

డిసెంబరులో యూనివర్సిటీ అమ్మాయి మళ్లీ వచ్చింది. అవే కర్రలు, చక్రాలు. జంగయ్య కిటికీ పట్టుకుని చూశాడు. ఈసారి పిల్లల చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కళ్లు మాత్రం ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు పోతున్నాయి. చాలాసేపటికి ఒక చెయ్యి కదిలింది, కదిలాక ఆగలేదు. అంకెలు తిరగేసి చెప్పడంలో నాలుగు దాకా పోయారు చాలామంది. ముగ్గురికి మాత్రం ఏ మార్పూ లేదు. పద్మలత వాళ్ల పేర్లు విడిగా రాసుకుంది.

"మొదటి ఎత్తు వేసే ముందు ఆగడం బాగా పెరిగింది మేడం," అంది ఆ అమ్మాయి. "అంకెలు మనసులో పెట్టుకోవడం కూడా. కానీ ఒక్క బడిని చూసి అందరు పిల్లలూ ఇంతే అనలేం. ఆరు నెలల్లో వయసు కూడా పెరిగింది కదా."

"అనకండి," అంది పద్మలత. "ఈ పద్దెనిమిది మంది సంగతి చెప్పండి, చాలు." ఆ మనిషిలో జంగయ్యకు నచ్చింది అదే. చేసినదానికన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పుకోదు.

బాలనర్సమ్మ పటం వెనక నుంచి డాక్టరు కాగితం తీసింది. ఫిబ్రవరిలో తేదీ ఇచ్చారు. ముందు రోజు సాయంత్రమే మేడ్చల్ ఆసుపత్రిలో చేరాడు జంగయ్య. బాలనర్సమ్మ, కొడుకు శేఖర్ తోడున్నారు. తెల్లవారి ఐదున్నరకు పచ్చ గౌను తొడిగి మంచం మీద కూర్చోబెట్టారు. మొదటి ఆపరేషన్ అతనిదే.

అప్పుడు శేఖర్ ఫోను మోగింది. భిక్షం. శేఖర్ ఫోను తండ్రి చెవి దగ్గర పెట్టాడు. "అన్నా, రాత్రి మూడింటికి కరెంటు పోయిందట. మోటారు నడవలే. ట్యాంకు సగానికే ఉన్నది. చార్టుల రాసింది నిండు ట్యాంకు లెక్కనే. ఏం జెయ్యాలె? నాకు కాళ్లు చేతులు ఆడ్తలెవ్వు."

జంగయ్య కాళ్లు కిందికి దించేశాడు. "శేఖరూ, బండి తియ్."

"యాడికి నాయినా?"

"ఊరికి. సగం ట్యాంకుతోని వానికి రాదు. పై వాడ ఎండుతది. మళ్ల గదే లొల్లి అయితది."

"గౌను మీద పోతవా?" బాలనర్సమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. "పొయ్యి చూడు, నా మీదికెళ్లి పో. రెండేండ్లు ఆముదం రాసి నా చేతులు అరిగినయి."

"జరుగవే. గంట పని. వచ్చినంక కోయించుకుంట."

"డాక్టరు నీ కోసం కూసుంటడా?"

శేఖర్ తలపట్టుకున్నాడు. నర్సు వచ్చి ఏమైందని అడిగింది. జంగయ్య గోడ పట్టుకుని రెండడుగులు వేసేసరికి మోకాలు మడతపడి మళ్లీ మంచం మీదే కూలబడ్డాడు. కడ్డీ లేదు ఆనుకోవడానికి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికో, ఊరి కోసమో అతనికే తెలియదు.

ముప్పావు గంటకు ఫోను మళ్లీ మోగింది. భిక్షం నంబరే, గొంతు మాత్రం అనూహ్యది.

"తాతా, పరేషాన్ గాకు. పై వాడ అయిపోయింది. పూరా ఇరవై ఐదు నిమిషాలు ఇచ్చినం. ఇప్పుడు రెండోది నడుస్తాంది."

"సగం ట్యాంకే ఉన్నది గదనే? పూరా ఎట్ల ఇచ్చిన్రు?"

"మాకు జోరు ఇప్పుడే ఉంటది, తర్వాత ఉండదు. అందుకే పై వాడకు పూరా. కింద ఉన్నోళ్లకు సన్నగనైనా వస్తయి గద, వాళ్లకు తొమ్మిదేసి నిమిషాలు. కరెంటు వచ్చినంక పొద్దుమీకి మిగతా తొమ్మిది ఇస్తమని వాడవాడకు పోయి జెప్పి వచ్చిన్రు మనోళ్లు. బోర్లు లేని నాలుగిండ్లకు కూడా జెప్పినం."

"ఎవరు జెప్పిన్రు మీకు గిట్ల జెయ్యుమని? మేడమా?"

"మేడం ఇంక రాలే తాతా. గిది చార్టుల లేదు. గని చార్టు అట్ల ఎందుకు రాసినమో యాదికున్నది గద, దాన్ని పట్టుకొని ఆలోచన జేసినం."

జంగయ్య ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. అవతల ఇనుప కడ్డీ గుంతలోకి దిగిన చప్పుడు వినిపించింది. వాల్వు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాడు. సరిగ్గా ఉన్నాయి. భిక్షం ఎవరితోనో నవ్వుతూ ఏదో అంటున్నాడు. ఎర్రబండలో నీళ్లు పారుతున్నాయి, తను తిప్పకుండా, తను చెప్పకుండా. కొంచెం వెలితిగా అనిపించింది. అంతకన్నా ఎక్కువగా ఎన్నేళ్లుగానో బిగబట్టిన ఊపిరి ఒకటి మెల్లగా బయటికి పోయింది.

నర్సు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చి, అంతకుముందు జరిగింది గుర్తొచ్చి అనుమానంగా చూసింది. "తాతా, వస్తవా? మళ్ల లేచి ఉరుకుతవా?"

"యాడికి ఉరుకుత బిడ్డా," అన్నాడు జంగయ్య, ఫోను కొడుకు చేతిలో పెట్టి. "పా పోదాం. ఊర్ల పని నడుస్తాంది."